లాగ్ అంటే ఘాతాంకమే: సంవర్గమానాల లెక్క ఎలా నడుస్తుంది, ఎక్కడ తప్పుతుంది

2⁵ = 32. ఇందులో ఉన్నవి మూడు సంఖ్యలు. ఏ రెండు తెలిసినా మూడోది రాబట్టవచ్చు. 2, 5 తెలిసి 32 కావాలంటే గుణకారం చేసుకుంటూ పోతే చాలు, అది ఘాతం. 5, 32 తెలిసి 2 కావాలంటే అయిదో మూలం తీయాలి. 2, 32 తెలిసి 5 కావాలంటే తీయాల్సింది సంవర్గమానం, అందరూ వాడే మాటలో లాగ్. లాగ్₂ 32 = 5 అని రాసినా, 2⁵ = 32 అని రాసినా చెప్పింది ఒకే సంగతి. 2 ఆధారం (ఘాతాంకాల పాఠంలో దీన్నే భూమి అంటారు), 5 ఘాతాంకం. ఆ ఘాతాంకానికే లాగ్ అని ఇంకో పేరు.

కూడికను వెనక్కి తిప్పడానికి తీసివేత ఒక్కటి చాలు, గుణకారానికి భాగహారం ఒక్కటి చాలు. ఘాతానికి మాత్రం మూలం, లాగ్ అని రెండు ఎందుకు? కూడికలో, గుణకారంలో సంఖ్యల చోటు మార్చినా ఫలితం మారదు. 2 × 5 అన్నా 5 × 2 అన్నా పదే. ఘాతంలో అలా కుదరదు: 2⁵ అంటే 32, 5² అంటే 25. కింద ఉన్న సంఖ్య చేసే పని వేరు, పైన ఉన్నది చేసే పని వేరు. కాబట్టి కిందిదాన్ని వెతకడానికి ఒక పద్ధతి, పైదాన్ని వెతకడానికి ఇంకో పద్ధతి కావాల్సి వచ్చింది.

తెలంగాణ పదో తరగతి గణితంలో సంవర్గమానాలు మొదటి అధ్యాయమైన వాస్తవ సంఖ్యల్లోనే వస్తాయి. అక్కడ సూత్రాలు బట్టీ పట్టి, ఇంటర్‌లో రసాయనశాస్త్రం పీహెచ్ (ద్రావణం ఎంత ఆమ్లమో చెప్పే అంకె) లెక్కల దగ్గర ఆగిపోయేవాళ్లు చాలామంది. ఆ సూత్రాల్లో కొత్తది ఒక్కటీ లేదు. ప్రతిదీ ఎనిమిదో తరగతి నాటి ఘాతాంక న్యాయమే. అది కనబడితే బట్టీ అక్కర్లేదు, తప్పు రాసినా వెంటనే పట్టుబడుతుంది.

ముందు షరతుల సంగతి. లాగ్ తీసే సంఖ్య ధనసంఖ్య కావాలి. ఆధారం కూడా ధనసంఖ్యే కావాలి, 1 కాకూడదు. 2ను ఏ ఘాతానికి ఎత్తినా సున్నా రాదు, రుణసంఖ్య రాదు. 2⁻¹⁰ కూడా 1/1024, అంటే చిన్నదే గాని ధనసంఖ్యే. అందుకే లాగ్ 0 లేదు, వాస్తవ సంఖ్యల్లో లాగ్ (−8) లేదు. ఆధారంగా 1 తీసుకుంటే దాన్ని ఎంతకు ఎత్తినా 1 దగ్గరే నిలబడుతుంది. ఇక 32కు జవాబు ఉండదు, 1కి ఏ సంఖ్యైనా జవాబే. రుణ ఆధారం పెడితే సగం ఘాతం దగ్గరే చిక్కు, ఎందుకంటే −2కు వాస్తవ వర్గమూలం లేదు. ఒక తేడా గుర్తుంచుకోవాలి. లాగ్ తీసే సంఖ్య రుణసంఖ్య కాకూడదు గాని, వచ్చే జవాబు నిక్షేపంగా రుణసంఖ్య కావచ్చు. లాగ్₂ (1/8) = −3.

అసలు తడబాటు లాగ్ పూర్ణసంఖ్య కానప్పుడు మొదలవుతుంది. లాగ్ 2 = 0.3010 అంటారు (ఆధారం రాయకపోతే ఇక్కడ 10 అనుకోవాలి). దాని అర్థం 10ని 0.3010 ఘాతానికి ఎత్తితే 2 వస్తుందని. పదిని మూడోవంతు సారి కూడా గుణించకపోవడం ఏమిటి? ఘాతాంకం సగం అంటే వర్గమూలం, మూడోవంతు అంటే ఘనమూలం అని తెలిసిందే. 0.3010 అంటే 3010/10000, అంటే 10ని 3010వ ఘాతానికి ఎత్తి దానికి పదివేలో మూలం తీయడం. చేతితో చేసే పని కాదు గాని అర్థం మాత్రం ఖచ్చితం. ఉజ్జాయింపుగా సరిచూసుకోవడం తేలిక: 2¹⁰ = 1024, ఇది 10³కి దగ్గర. రెండింటికీ పదో మూలం తీస్తే 2 సుమారుగా 10 పవర్ 0.3.

సుమారుగానే, ఎప్పటికీ సరిగ్గా కాదు. లాగ్ 2 ఏదో భిన్నానికి సమానమైతే, 10 ఘాతమొకటి 2 ఘాతమొకదానికి సమానం కావాలి. ఎడమవైపు 5 కారణాంకంగా ఉంటుంది, కుడివైపు ఉండదు. కాబట్టి అది జరగదు. లాగ్ 2 కరణీయ సంఖ్య. పట్టికలో ఎన్ని దశాంశాలు రాసినా ఎక్కడో ఒకచోట కత్తిరించిందే.

మరి ఆ దశాంశాలు ఎక్కడి నుంచి వచ్చాయి? లండన్ గ్రెషమ్ కాలేజీ ఆచార్యుడు హెన్రీ బ్రిగ్స్ 10కి వర్గమూలం తీసి, వచ్చినదానికి మళ్లీ వర్గమూలం తీసి, అలా వరసగా 54 సార్లు చేతితో చేశాడు. నాలుగు దశాంశాలు చాలనుకుంటే మనకు ఎనిమిది మెట్లు సరిపోతాయి. మొదటి వర్గమూలం 3.1623, దాని లాగ్ 0.5. తర్వాతది 1.7783, లాగ్ 0.25. ఆపైన 1.3335 (0.125), 1.1548 (0.0625), 1.0746 (0.03125), 1.0366 (0.015625), 1.0182 (0.0078125), 1.0090 (0.00390625).

ఇప్పుడు 2ను ఈ సంఖ్యల లబ్ధంగా విడగొట్టాలి. 3.1623 పెద్దది, పట్టదు. 1.7783 పడుతుంది. 2ను దానితో భాగిస్తే 1.1247 మిగులుతుంది. దీనిలో 1.3335 పట్టదు, 1.1548 పట్టదు, 1.0746 పడుతుంది, మిగిలేది 1.0466. దీనిలో 1.0366 పడుతుంది, మిగిలేది సుమారు 1.0096. దీనిలో 1.0182 పట్టదు, 1.0090 పడుతుంది, మిగిలేది 1.0006. పట్టినవాటి ఘాతాంకాలు కూడితే 0.25 + 0.03125 + 0.015625 + 0.00390625 = 0.30078. మిగిలిన 1.0006 సంగతేమిటి? చివరి మెట్లు మళ్లీ చూడండి: 1 మీద ఉన్న మిగులు 0.0366, 0.0182, 0.0090. లాగ్ సగమైన ప్రతిసారీ మిగులూ దాదాపు సగమవుతోంది. అంటే 1కి బాగా దగ్గరైన సంఖ్యల్లో మిగులుకు, లాగ్‌కు నిష్పత్తి స్థిరపడుతుంది. ఆ నిష్పత్తి 0.4343. కాబట్టి 1.0006 లాగ్ 0.0006 × 0.4343, అంటే 0.00026. మొత్తం 0.3010. లెక్కంతా భాగహారాలు, ఘాతాంకాల కూడిక మాత్రమే. ఒక్కసారి కాగితం మీద ఇది చేసి చూసినవాళ్లకు లాగ్ పట్టిక మళ్లీ మాయగా కనిపించదు.

చరిత్రలో ఒక విచిత్రముంది. ఈ రోజు ఘాతాంకం ముందు నేర్పి దాని నుంచి లాగ్ చెబుతాం గాని, లాగ్ పట్టికలు ముందు పుట్టాయి. స్కాట్లాండ్‌కు చెందిన జాన్ నేపియర్ 1614లో వాటిని ప్రచురించే నాటికి ఘాతాంకాన్ని పైన చిన్న అంకెగా రాసే పద్ధతి ఇంకా స్థిరపడలేదు. ఫ్రెంచ్ గణితవేత్త డెకార్ట్ దాన్ని వాడింది 1637లో. నేపియర్ రెండు బిందువుల చలనాన్ని పోల్చి తన పట్టిక కట్టాడు. దానికి ఆధారం 10 కాదు. 1615లో బ్రిగ్స్ ఎడిన్‌బరో వెళ్లి ఆయన్ని కలిశాక ఇద్దరూ 10 ఆధారానికి మొగ్గారు. బ్రిగ్స్ 1617లో వెయ్యి సంఖ్యలకు 14 దశాంశాలతో పట్టిక అచ్చు వేశాడు. లాగ్ అంటే ఘాతాంకమే అన్న నిర్వచనాన్ని 1748లో గణితవేత్త ఆయిలర్ స్థిరపరిచాడు. మన దేశంలో ఇంకా చాలా ముందే, 9వ శతాబ్దపు జైన పండితుడు వీరసేనుడు అర్ధచ్ఛేదం గురించి రాశాడు. ఒక సంఖ్యను ఎన్నిసార్లు సగం చేయవచ్చో అది. 32ను 16, 8, 4, 2, 1 అని అయిదుసార్లు. ఇది 2 ఆధారంగా తీసిన లాగే.

ఇక సూత్రాలు. 8 × 16 అంటే 2³ × 2⁴. ఆధారం ఒకటే గనుక ఘాతాంకాలు కూడతాం, 2⁷, అంటే 128. దీన్నే లాగ్‌లో చెబితే లాగ్₂ (8 × 16) = 3 + 4. లబ్ధం లాగ్ లాగ్‌ల మొత్తం. భాగహారానికి తీసివేత. 8⁵ అంటే మూడు రెళ్ల గుంపును అయిదుసార్లు వేయడం, 2¹⁵, కాబట్టి లాగ్₂ 8⁵ = 5 × 3. సూత్రాలు ఇంతే.

తప్పులు మాత్రం చాలా రకాలు. అన్నిటికంటే తరచుగా కనిపించేది లాగ్ (8 + 16)ను 3 + 4 అని రాయడం. 24 లాగ్₂ సుమారు 4.585, ఏడు కాదు. కూడికకు లాగ్‌లో సూత్రమే లేదు, ఎందుకంటే 2³ + 2⁴ను ఘాతాంకాలతో కలిపే న్యాయమూ లేదు. రెండోది, లాగ్ 100 ÷ లాగ్ 10ని లాగ్ (100 ÷ 10) అనుకోవడం. మొదటిది 2, రెండోది 1. మూడోది లాగ్ వర్గానికీ, వర్గం లాగ్‌కూ తేడా తెలియకపోవడం. దీన్ని 100తో సరిచూస్తే మోసపోతారు. లాగ్ 100 అంటే 2, దాని వర్గం 4. 100² లాగ్ కూడా 4. తప్పు సూత్రం ఒప్పుగా కనిపిస్తుంది. 1000తో చూస్తే బయటపడుతుంది: ఒకటి 9, ఇంకోటి 6. సూత్రం అనుమానంగా ఉన్నప్పుడు ఒకే సంఖ్యతో పరీక్షించడం చాలదు.

సమీకరణాల్లో ఇంకో రకం. లాగ్₂ ఎక్స్ + లాగ్₂ (ఎక్స్ − 2) = 3 అని ఇస్తే, రెండు లాగ్‌లు కలిపి ఎక్స్ × (ఎక్స్ − 2) = 8 అని రాస్తాం. మూలాలు 4, −2. ఇక్కడితో వదిలేస్తే మార్కులు పోతాయి. −2 పెడితే మొదటి సమీకరణంలో రుణసంఖ్యకు లాగ్ తీయాలి, అది లేదు. రెండు లాగ్‌లను కలిపినప్పుడు రెండు రుణసంఖ్యల లబ్ధం ధనసంఖ్యై షరతును దాచేసింది. జవాబు 4 ఒక్కటే. లాగ్ సమీకరణంలో వచ్చిన ప్రతి మూలాన్నీ మొదటి వరుసలో పెట్టి చూడటం తప్పనిసరి.

కాల్‌క్యులేటర్ లేని పరీక్షల్లో లాగ్ 2 = 0.3010, లాగ్ 3 = 0.4771, లాగ్ 7 = 0.8451 మనసులో ఉంటే ఒకటి నుంచి పది దాకా అన్నీ వస్తాయి. 5 అంటే 10 ÷ 2, కాబట్టి 1 − 0.3010 = 0.6990. 6కు 0.3010 + 0.4771 = 0.7781. పీహెచ్ లెక్కలకు ఇది చాలు. హైడ్రోజన్ అయాన్ల గాఢత లీటరుకు 2 × 10⁻³ మోల్‌లు అయితే లాగ్ 0.30 − 3, గుర్తు మారిస్తే పీహెచ్ 2.70. 3.30 అని రాసేవాళ్లు −3 గుర్తు మార్చి, 0.30 గుర్తు మార్చడం మరిచిపోయినవాళ్లు. గాఢత 10⁻³ కంటే ఎక్కువంటే ఆమ్లత్వం ఎక్కువ, అంటే పీహెచ్ 3 కంటే తక్కువే రావాలి. ఈ ఒక్క ఆలోచనతో తప్పు దొరికిపోతుంది.

పట్టిక వాడేటప్పుడు లాగ్‌ను రెండు భాగాలుగా రాస్తారు: పూర్ణ భాగం లాక్షణికం, దశాంశ భాగం మాంటిసా. 34.56 × 0.7823 కావాలనుకుందాం. 34.56 అంటే 3.456 × 10¹. లాక్షణికం 1. మాంటిసా కోసం 34 వరుసలో 5 కింద 5378, నాలుగో అంకె 6కు సగటు భేదాల్లో 8, మొత్తం 5386. 0.7823 అంటే 7.823 × 10⁻¹, మాంటిసా 8934, లాక్షణికం −1. దీన్ని బార్ 1.8934 అని రాస్తారు: ఒకటి మీద గీత, అంటే రుణం ఆ ఒకటికి మాత్రమే. రెండూ కూడితే 1.5386 − 1 + 0.8934 = 1.4320. ప్రతిసంవర్గమాన పట్టికలో (లాగ్ నుంచి సంఖ్యను వెనక్కి రాబట్టే పట్టిక) .432కు 2704, జవాబు 27.04. నేరుగా గుణిస్తే 27.036.

ఈ బార్ దగ్గరే పెద్ద ప్రమాదం. 0.05 లాగ్ బార్ 2.6990. కాల్‌క్యులేటర్ −1.3010 చూపిస్తుంది. రెండూ ఒకటే, −2 + 0.6990. కాని −1.3010ని చూసి బార్ 1.3010 అని రాస్తే అది −1 + 0.3010, అంటే 0.2 లాగ్. సంఖ్య నాలుగింతలైపోయింది. మూలాలు తీసేటప్పుడు కూడా జాగ్రత్త. 0.05కు ఘనమూలం కావాలంటే బార్ 2.6990ని 3తో భాగించాలి. 2ను 3తో భాగిస్తే శేషం వచ్చి దశాంశంలోకి రుణం జొరబడుతుంది. అందుకని −2 + 0.6990ని −3 + 1.6990గా మార్చుకుని భాగిస్తారు: బార్ 1.5663, అంటే 0.3684.

పట్టికలు ఇప్పుడు పరీక్ష హాళ్లకే పరిమితమయ్యాయి గాని, తెలియనిది ఘాతాంకంలో కూర్చున్నప్పుడు లాగ్‌ను మించిన దారి లేదు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, వడ్డీ ప్రతి నెలా అసలులో కలుస్తూ పోతే ఎన్నాళ్లకు రెట్టింపవుతుంది? 1.02ను ఏ ఘాతానికి ఎత్తితే 2 వస్తుందన్నదే ప్రశ్న. రెండువైపులా లాగ్ తీస్తే నెలలు × లాగ్ 1.02 = లాగ్ 2. 0.30103 ÷ 0.0086002 = 35.0. మూడేళ్లకు ఒక నెల తక్కువలో లక్ష రెండు లక్షలు. బారువడ్డీ అయితే 50 నెలలు పట్టేది. మూడు రూపాయల వడ్డీ అయితే 23 నెలలు దాటాక రెట్టింపు, రెండేళ్లు కూడా నిండవు.

బ్యాంకు డిపాజిట్‌కు ఏడాదికి 7 శాతం అని రాసి ఉన్నా వడ్డీ సాధారణంగా మూడు నెలలకోసారి కలుపుతారు. లెక్కలో పెట్టాల్సింది 1.07 కాదు, 1.0175. 0.30103 ÷ 0.0075344 = 39.95. ఇవి సంవత్సరాలు కావు, త్రైమాసికాలు. నాలుగుతో భాగిస్తే పదేళ్లు. 1.07 పెడితే 10.24 ఏళ్లు వస్తుంది, దాదాపు మూడు నెలల తేడా. వడ్డీ తక్కువైనప్పుడు ఇంకో తప్పు పొంచి ఉంటుంది. నెలకు అర శాతం అంటే లాగ్ 1.005 = 0.0021661. దీన్ని నాలుగు దశాంశాలకు సవరించి 0.0022 అంటే రెట్టింపు కాలం 139 నెలలకు బదులు 137 వస్తుంది. నాలుగు దశాంశాలు ఉంచినా అందులో పనికొచ్చే అంకెలు రెండే మిగలడం దీనికి కారణం. హారంలో చిన్న లాగ్ ఉన్నప్పుడు ఆరేడు దశాంశాలు ఉంచుకోవాలి.

తరుగుదల లెక్కలో గుర్తు తిరగబడుతుంది. యంత్రం విలువ ఏటా మిగిలినదానిలో 10 శాతం పడిపోతుంటే, కొన్న ధరలో పదోవంతు కంటే తక్కువకు ఎప్పుడు చేరుతుంది? 0.9 ఘాతం 0.1 కంటే తక్కువ కావాలి. లాగ్ తీస్తే ఏళ్లు × (−0.04576) < −1. ఇక్కడ రుణసంఖ్యతో భాగిస్తున్నాం, కాబట్టి అసమీకరణం గుర్తు మారాలి: ఏళ్లు > 21.85, అంటే 22వ ఏడు ముగిసేసరికి. గుర్తు మార్చనివాళ్లకు 21.85 ఏళ్లకు ముందే అని వస్తుంది, అప్పుడు మొదటి ఏడాదే విలువ పదోవంతుకు పడిపోయిందని ఒప్పుకోవాల్సి ఉంటుంది.

పై లెక్కల్లో ఒక లాగ్‌ను ఇంకో లాగ్‌తో భాగించడమే ఆధారం మార్చే సూత్రం. 10 లక్షల పేర్లు అక్షర క్రమంలో ఉన్న జాబితాను ప్రతిసారీ సగం చేస్తూ వెతికితే ఎన్ని అడుగులు? లాగ్₂ 10,00,000 = 6 ÷ 0.30103 = 19.93, గరిష్ఠంగా 20. భాగహారంలో పైనా కిందా ఒకే ఆధారం ఉంటే చాలు, అది ఏదైనా జవాబు మారదు. కాని ఒంటరి లాగ్ తీసేటప్పుడు పరికరం ఏ ఆధారం వాడుతుందో తెలియాలి. ఎక్సెల్‌లో ఆధారం చెప్పకపోతే లాగ్ అంటే 10. పైథాన్‌లో, సీ భాషలో అదే పేరుతో వచ్చేది 2.71828 ఆధారంగా తీసిన సహజ సంవర్గమానం. 100 ఇచ్చి చూస్తే తేలిపోతుంది, 2 వస్తే ఆధారం 10, 4.605 వస్తే సహజం. రెండోదాన్ని 0.4343తో గుణిస్తే మొదటిది వస్తుంది. బ్రిగ్స్ మెట్ల దగ్గర కనిపించిన నిష్పత్తే ఇది.

వార్తల్లో వచ్చే కొన్ని అంకెలు నిజానికి లాగ్‌లే, వాటిని మామూలు సంఖ్యల్లా చదవడం వల్ల అపార్థాలు వస్తాయి. 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో వచ్చిన భూకంపం తీవ్రత 5.3. 2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపానిది 7.7. చూడ్డానికి ఒకటిన్నర రెట్లు కూడా లేదు. తీవ్రతలో 1 తేడా అంటే అంతే దూరంలో కంపన పరిమితి (నేల ఊగే మేర) పది రెట్లు, విడుదలైన శక్తి సుమారు 10 పవర్ 1.5, అంటే దాదాపు 32 రెట్లు. 2.4 తేడాకు కంపనం 250 రెట్లు, శక్తి 10 పవర్ 3.6, దాదాపు 4000 రెట్లు. తీవ్రతలను భాగించకూడదు, తీసివేసి ఘాతానికి ఎత్తాలి.

శబ్దం విషయంలోనూ అంతే. శబ్దశక్తి నిష్పత్తికి లాగ్ తీసి పదితో గుణిస్తే వచ్చేదే డెసిబెల్స్. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. తేడా పదే గాని, రాత్రి అనుమతించే శబ్దశక్తి పగటిలో పదోవంతు. 80 డెసిబెల్స్ స్పీకర్ పక్కన అలాంటిదే ఇంకోటి పెడితే 160 కాదు, శక్తి రెట్టింపు గనుక 10 × లాగ్ 2, అంటే 3 కలిసి 83. 8 + 16 దగ్గర జరిగే తప్పే ఇది. సగటు తీసేటప్పుడూ అదే జరుగుతుంది. ఒక గంట 50, ఇంకో గంట 70 డెసిబెల్స్ నమోదైతే సగటు 60 అని రాసే నివేదిక తప్పు. ముందు రెండింటినీ శక్తిలోకి మార్చాలి: 10⁵, 10⁷. వాటి సగటు 50,50,000. దాని లాగ్ 6.703, పదితో గుణిస్తే ఆ రెండు గంటల సగటు శబ్దం 67 డెసిబెల్స్.